మచ్చ కొలిచే పని

"పరీక్షకు ముక్క తీస్తారా సార్?" తెల్లమచ్చతో వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుంటూనే అడిగే మాట ఇది. మార్కాపురంలో చర్మవ్యాధుల డాక్టరుగా నేను ఎక్కువసార్లు చెప్పే జవాబు "అక్కర్లేదమ్మా" అని. బొల్లిలో చర్మానికి రంగునిచ్చే కణాలను మన ఒంట్లోని రక్షణ కణాలే చంపేస్తాయి. ఆ నష్టం పైపొరలోనే జరుగుతుంది కాబట్టి సూది గుచ్చకుండా, కోత పెట్టకుండా చాలావరకు పైనుంచే చూసి కొలవొచ్చు.

ముందు తేల్చాల్సింది అది కుష్టు కాదని. ఇంటిల్లిపాదినీ కుంగదీసేది ఆ భయమే. కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుతో మచ్చను తాకి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమంటాను. బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. కుష్టు మచ్చ పాలిపోయినట్టు ఉంటుందే గాని పాలలా తెల్లగా ఉండదు, స్పర్శ కూడా తగ్గుతుంది. ఒకవేళ కుష్టే అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది. ఈ మాట గట్టిగా, పక్కనున్నవాళ్లకూ వినబడేలా చెబుతాను.

తర్వాత చీకటి గదిలో వుడ్ దీపం. రాబర్ట్ విలియమ్స్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1903లో తయారుచేసిన ఫిల్టరుతో దీనికి ఆ పేరొచ్చింది. ఇది 365 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే అతినీలలోహిత కాంతి. మెలనిన్ పూర్తిగా పోయినచోట చర్మం నీలం కలిసిన తెలుపుతో మెరుస్తుంది. ఆయింట్‌మెంటు, సబ్బు మరకలు కూడా మెరుస్తాయి కాబట్టి ముందు శుభ్రంగా కడుక్కోమంటాను. మన చామనఛాయ ఒంటి మీద మచ్చ పగలే కనబడుతుంది కదా, దీపమెందుకని అడుగుతారు. నాకు కావలసింది మచ్చ అంచు. గీత గీసినట్టుంటే వ్యాధి నిలకడగా ఉందని, మసగ్గా చెదిరినట్టుంటే ఇంకా పాకుతోందని అనుకుంటాను. చుట్టూ సన్నటి తెల్లచుక్కలు చల్లినట్టుంటే ఇక ఆలస్యం చెయ్యకూడదు.

మచ్చ ఎక్కడ లేచిందో బొమ్మ మీద గుర్తు పెట్టుకుంటాను. నుదుటి మీద సరిగ్గా స్టిక్కర్ పెట్టుకునే చోట ఉంటే జిగురులోని పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్‌ను అనుమానించాలి. స్టిక్కర్ మానేసి కుంకుమ పెట్టుకోమంటాను. కాలి మీద హవాయి చెప్పు పట్టీ ఆకారంలో ఉంటే రబ్బరులోని రసాయనం. నడుం చుట్టూ ఉంటే లంగా బొందు ఒరిపిడి. బొల్లి ఉన్నవాళ్లకు ఒరుసుకుపోయినా, గీసుకుపోయినా అక్కడ కొత్త మచ్చ లేవొచ్చు. రాతి పలకల పనికి పోయేవాళ్ల చేతివేళ్ల మీద ఇది చూస్తాను కాబట్టి చేతికి తొడుగులు వాడమని పోరుతుంటాను. "ఈ ఫ్లోరైడు నీళ్లతోనేనా సార్?" అని కూడా అడుగుతారు. మా ప్రాంతంలో ఆ నీళ్లు పళ్లనూ ఎముకలనూ పాడుచేసిన మాట నిజమే గాని బొల్లిని వాటి ఖాతాలో వెయ్యలేం. చేపలూ పాలూ కలిపి తినడానికీ దీనికీ సంబంధం లేదు.

కొలతకు నేను వాడేది ఓహెచ్‌పీ షీటు అనే పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం. మచ్చ మీద పరిచి, మార్కరుతో అంచు గీసి, తేదీ వేసి, మిల్లీమీటరు గ్రాఫు కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెడతాం. మచ్చలు ఎక్కువుంటే రోగి అరచేతినే కొలగా తీసుకుంటాం. వేళ్లతో సహా అది ఒంటిలో సుమారు 1 శాతం. అందులో రంగు ఎంత పోయిందో 10, 25, 50, 75, 90, 100 శాతాలుగా అంచనా కట్టి గుణించే పద్ధతిని 2004లో కెనడా వైద్యులు ప్రకటించారు. ఫొటో ఎప్పుడూ ఒకే గోడ దగ్గర, ఒకే దూరంలో, ఒకే వెలుతురులో. మెలనిన్‌ను అంకెలో చూపించే మెక్సామీటరు నా దగ్గర లేదు. బొల్లికి ఆ లోటు పెద్దగా తెలియదు. మంగు మచ్చల దగ్గరే బాధనిపిస్తుంది. మంగు తగ్గేటప్పుడు సైజు మారదు, ముందు రంగు పలచబడుతుంది. అది అంకెలో చూపించలేకపోతే "తగ్గలేదు సార్" అని స్టెరాయిడ్ క్రీముకు పోతారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సాధనం డెర్మోస్కోపు. చర్మాన్ని పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. బొల్లిలో రంగు తిరిగొచ్చే దారుల్లో ముఖ్యమైనది వెంట్రుక కుదురు. అక్కడ దాగిన కణాలు పైకొచ్చి చుట్టూ పాకుతాయి. మచ్చలో వెంట్రుకలు నల్లగా ఉంటే ఆశ ఎక్కువ, తెల్లబడితే కష్టం. వెంట్రుకలు లేని వేలికొసలూ పెదవులూ అందుకే మొండికేస్తాయి. గిద్దలూరు, కంభం వైపు నుంచి రైల్లో వారానికి రెండుసార్లు వచ్చి 311 నానోమీటర్ల కాంతి చికిత్స తీసుకునేవాళ్లున్నారు. కూలి పోతుంది, పిల్లకు బడి పోతుంది, అద్దంలో మాత్రం వారాల తరబడి తేడా కనబడదు. సరిగ్గా ఆ సమయంలోనే ఎవరో బావంచాల గింజలు నూరి పూసి ఎండలో కూర్చోమంటారు. బొబ్బలు లేస్తాయి, కాలినచోట మచ్చ ఇంకా పెరుగుతుంది.

అందుకే డెర్మోస్కోపులో గోధుమరంగు చుక్క కనబడగానే ఫొటో తీసి పిల్ల తల్లికి చూపిస్తాను. "నల్లగా వస్తాందా సార్?" అని ఫోను దగ్గరికి లాక్కుంటుంది. "వస్తోందమ్మా, ఒక్కో వెంట్రుక దగ్గరా మొదలైంది, కాంతి ఆపొద్దు" అంటాను. చుక్క కళ్లారా చూసినవాళ్లు మధ్యలో మానేయడం చాలా తక్కువ.

మందుకూ కాంతికీ లొంగని మచ్చకు చర్మమార్పిడి ఉంది. కనీసం ఏడాదిగా మచ్చ పెరగకుండా, కొత్తది లేవకుండా ఉంటేనే అది చెయ్యాలి. ఆ నిలకడకు రోగి జ్ఞాపకం ఒక్కటే చాలదు. తేదీలు వేసిన షీట్లన్నీ కవరులో పెట్టి, ఆపరేషన్ చేసే డాక్టరుకు ఇవ్వమని వాళ్ల చేతికే ఇచ్చి పంపుతాను.