9,500 బండికి 10,300 మెరుగులు

మాది సింధనూరు దగ్గర క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువ మీద నమ్మకంతో తాతగారు కోస్తాలో ఉన్నదమ్ముకుని వచ్చి ఇక్కడ నల్లరేగడి కొన్నారు. మా ఇంట్లో ఇప్పటికీ ఏ ఖర్చయినా సోనామసూరి బస్తాల్లోకి మార్చి చూస్తారు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో రిమోట్ బగ్గీ కొన్నానని తెలియగానే నాన్న అడిగిందీ అదే: "ఎన్ని బస్తాలురా?"

ధర 9,500. 1:14 సైజు, నాలుగు చక్రాలకూ పవర్, 550 బ్రష్డ్ మోటారు, రెండు సెల్లుల లైపో బ్యాటరీ. వడ్లు ఆరబెట్టే సిమెంటు కళ్లం మీద వారం రోజులు చిన్నపిల్లాడిలా ఆడాను. ఎనిమిదో రోజు వీడియోల్లో బ్రష్‌లెస్ మోటార్లు కంటపడ్డాయి.

మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఇఎస్‌సి బోర్డు కలిపి 4,200. పార్సిల్ వచ్చాక గానీ బండి విప్పి చూడలేదు. పాత ఇఎస్‌సి, రిసీవర్ ఒకే బోర్డు మీద ఉన్నాయి. బోర్డు తీసేస్తే రిసీవర్ పోయినట్టే, దాంతోపాటు రిమోటూ. ముందు చక్రాలు తిప్పే సర్వోకి ఐదు తీగలు. బయట దొరికే రిసీవర్లకు పెట్టేది మూడు తీగల సర్వో. రిమోట్, రిసీవర్ 2,800. సర్వో 1,100.

"కాలవ మీద 5 హెచ్‌పీ మోటారు తీసి 7.5 పెట్టినప్పుడు కేబులూ స్టార్టరూ మార్చలేదట్రా? అప్పుడు లెక్క రాసింది నువ్వేగా!" అన్నారు నాన్న. నిజమే, రాసింది నేనే.

మోటారుకుండే చిన్న గేరు పినియన్. దాన్ని బిగించేటప్పుడు దాని పళ్లకూ పెద్ద స్పర్ గేరు పళ్లకూ మధ్య కాగితం ముక్క పెట్టి సందు చూసుకోవాలి. నేను కంటిచూపుతో బిగించాను. స్పర్ గేరు అరిగిపోయింది, కొత్త మోటారు ఊపుకి డిఫరెన్షియల్ పళ్లూ రాలాయి: 900. బ్యాటరీని ఫుల్ చార్జి చేసి ఎండాకాలమంతా రేకుల షెడ్డులో వదిలేస్తే ఉబ్బింది: ఇంకో 1,300. సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఆపి, చల్లటి చోట దాచాల్సింది. ఆ పని చేసే స్టోరేజ్ మోడ్ చాలా బ్యాలెన్స్ చార్జర్లలో ఉంటుంది.

ఇంతా చేస్తే, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి మూడు అంకెలు లెక్కపెట్టేలోపు కళ్లం అయిపోతుంది. ఆ వేగానికి మా క్యాంపులో జాగా లేదు.

నాకు నచ్చిన మార్పులకు పట్టింది 120 రూపాయలు. బాడీ లోపలివైపు గోడ పగుళ్లకు వేసే జాలీ టేపు, రబ్బరు గమ్ము వేశాను. తర్వాత అది పగల్లేదు. పాత హవాయి చెప్పు కోసి ముందు బంపరు చేశాను. ఇరుసులకు చుట్టుకునే గడ్డిపోచలు తీయడానికి పాత పళ్ల బ్రష్షు చాలు.

బస్తాల లెక్క నాన్నకు ఇంకా చెప్పలేదు.

మీరూ మొదటిసారి కొంటుంటే, మోటారు ఆర్డరు పెట్టే ముందు నాలుగు స్క్రూలు విప్పి బోర్డు చూడండి. సర్వో తీగలు లెక్కపెట్టండి. ఐదుంటే, మోటారు ధర పక్కనే రిమోట్, సర్వో ధరలు కూడా రాసుకుని, అప్పుడు కూడండి.