జపాను మల్లవిద్యలో ఇంటిమాటలు

మల్లవిద్య యనగానే అది పురుషుల సొత్తనియు, అందలి మాటలతో గృహిణులకు పనిలేదనియు లోకము తలచుచుండును. జపాను దేశపు జూడో విద్యయందలి పట్టుల పేర్లకు అర్థములు విచారించి చూడగా మాకు వేరొకటి తోచినది.

జిగొరో కానోగారు పూర్వపు జుజుత్సు పద్ధతులను సంస్కరించి, 1882వ సంవత్సరమున టోకియో నగరమున కొదొకాన్ అను విద్యాశాలను స్థాపించి జూడో నేర్పిరి. ఆ విద్యలో "యామా-అరాషి", అనగా కొండగాలివాన, వంటి కవితామయమైన పేరు లేకపోలేదు. కాని పెక్కు పేర్లు శరీరము చేయవలసిన పనినే సూటిగా చెప్పును.

"ఓ-సోతో-గారి" యనగా వెలుపలి పెద్దకోత. ఎదుటివాని కాలికి వెలుపలినుండి తన కాలిని పోనిచ్చి, కొడవలి పైరును కోసినట్లు వెనుకకు లాగివేయుట. "దె-ఆషి-బారాయి" యనగా ముందుకు వచ్చు పాదమును ఊడ్చివేయుట. "సెఓయి-నాగె" యనగా వీపున మోసి పడవేయుట.

"కెసా-గతామె" యను పేరు మనకు మరింత దగ్గరి చుట్టము. కెసా యనగా బౌద్ధభిక్షువు భుజముమీదుగా ఏటవాలుగా ధరించు వస్త్రము. మన సంస్కృతపు కాషాయ శబ్దమే చీనా మీదుగా జపాను చేరి కెసా యైనది. ఆ వస్త్రమువలె ఎదుటివాని రొమ్ముపై ఏటవాలుగా పడి అదిమిపట్టుట యీ పట్టు.

కోయుట, ఊడ్చుట, మోయుట: ఇవి స్త్రీల చేతులెరుగని పనులా? అయినను ఈ విద్యలో స్త్రీలకు త్రోవ సులభముగా దొరకలేదు. కొదొకాన్‌లో స్త్రీల శాఖ 1926లో ఏర్పడినది. కానోగారికి జుజుత్సు నేర్పిన గురువు మనుమరాలు కెయికో ఫుకుదా 1935లో అందు చేరెను. ఆమె అయిదడుగుల పొడవైనను లేదు. 1953లో అయిదవ శ్రేణి నందెను. స్త్రీలకు అంతకు మించిన శ్రేణి లేదను నియమముచేత ఆరవ శ్రేణికి 1972 వరకు వేచియుండవలసి వచ్చెను. 2006లో కొదొకాన్ ఆమెకు తొమ్మిదవ శ్రేణి నొసగెను.

సోదరీమణులారా! పని మనదై, ఆ పని పేరు పెట్టుకొన్న పట్టు మాత్రము మనది కాకుండునా? మీ యింటి బాలిక ఈ విద్య నేర్తునని యడిగినచో, ఆడపిల్లకు తగదని త్రోసిపుచ్చక, మొదట ఈ పేర్ల అర్థములను ఆమెకు చెప్పుడు.