క్షమించాల్సింది దేవుడొక్కడే కాదు!

ఆ రోజు ఇజ్రాయెల్‌లో టీవీ ఛానళ్లు మూగబోతాయి. విమానాలు ఎగరవు. ఎప్పుడూ కిటకిటలాడే టెల్ అవీవ్ రోడ్లమీద ఏ అంబులెన్సో తప్ప బండి కనిపించదు. పిల్లలకు మాత్రం భలే సరదా... ఏకంగా హైవే మీదే సైకిళ్లు తొక్కేస్తారు!

అదే యోమ్ కిప్పూర్. సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే యూదుల ప్రాయశ్చిత్త దినం. ఉపవాసమంటే మనలో చాలామందికి పాలూ పళ్లూ ఉంటాయి. వాళ్లకి అదీ లేదు. ముందురోజు పొద్దుగూకకముందే భోంచేస్తే, మర్నాడు చుక్కలు పొడిచేదాకా దాదాపు 25 గంటలు మంచినీళ్లయినా ముట్టరు. స్నానం చేయరు. తోలుచెప్పులు వేసుకోరు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఉపవాసం మానేయాల్సిందే. అది సడలింపు కాదు, మతం ఆజ్ఞ.

అయితే, అసలు పరీక్ష ఆకలి కాదు. దేవుడి పట్ల చేసిన తప్పులు ఆ రోజుతో తొలగిపోతాయట. సాటిమనిషి పట్ల చేసినవి మాత్రం ఆ మనిషి మనసు కరిగేవరకూ పోవని యూదుల ప్రాచీన ధర్మసంహిత మిష్నా చెబుతోంది. అందుకే వారం ముందు నుంచే ఫోన్లు మొదలవుతాయి... 'తెలిసో తెలియకో నొప్పించి ఉంటే మన్నించు' అంటూ. అందరికీ ఒకే మెసేజ్ పంపేయడం తేలికే. కానీ నిజంగా మాటలు తెగిపోయిన అన్నదమ్ముడి గుమ్మం తొక్కాలంటేనే కాళ్లు రావు.

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడిస్ దానికీ దారి చెప్పాడు. సొమ్ము కాజేసి ఉంటే ముందు తిరిగి ఇచ్చెయ్యాలి. ఆపైన క్షమాపణ అడగాలి. వినకపోతే ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకెళ్లాలి. అలా మూడుసార్లు బతిమాలినా కరగకపోతే, ఇక పాపం క్షమించనివాడిదే!

మరి ఆ మనిషి చనిపోతే? పదిమందిని సమాధి దగ్గరకు తీసుకెళ్లి, 'ఇతనికి ఫలానా అన్యాయం చేశాను' అని వాళ్ల ముందు ఒప్పుకోవాలి. బాకీ ఉంటే వారసులకు చెల్లించాలి.

పొద్దుగూకాక సినగాగ్‌లో షోఫార్ అనే పొట్టేలు కొమ్ముబూర దీర్ఘంగా మోగుతుంది. ఉపవాసం ముగుస్తుంది. అందరూ ఇళ్లకెళ్లి ఇంత ఎంగిలిపడతారు. గుమ్మం దాకా వెళ్లి రాగలిగినవాళ్లకు ఆ ముద్ద తేలిగ్గా దిగుతుంది. వెళ్లలేకపోయినవాళ్లు... ఆ మనిషి ఇంకా బతికే ఉంటే, సమాధి దాకా ఆగాల్సిన పనిలేదు.