గీత నుంచి గుమ్మం దాకా: మా అహ్మదాబాదు యాత్ర

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండింటికీ భవిష్యనిధి నుంచే అప్పు తీసుకొనే మనవంటి ఉద్యోగులకు ఈ సామెత అర్థం వేరే ఎవరూ వివరించనక్కరలేదు. గత శీతకాలంలో సెలవు ప్రయాణ రాయితీని వినియోగించుకొని మేము నలుగురం అహ్మదాబాదు వెళ్ళివచ్చాము. నలుగురమంటే, మా ఉద్యోగుల సహకార గృహనిర్మాణ సంఘం కార్యవర్గంలోని ఇద్దరు సభ్యులమూ, మా గృహిణులూను. సబర్మతి తీరం చూడాలని, బాంధనీ చీరలు కొనాలని బయలుదేరిన మాట నిజమే. కాని మా సంచి అడుగున సంతకాలు కావలసిన ఉత్తరం ఒకటి ఉంది. ఈ యాత్రాకథనం ఆ ఉత్తరం కథ కూడా.

మా సంఘంలో నలభై కుటుంబాలున్నాయి. ఎన్నో ఏళ్ళ నిరీక్షణ తరువాత స్థలం చేతికి వచ్చింది. ఒక వాస్తుశిల్ప సంస్థను నియమించుకున్నాము. నాలుగు నెలలు గడిచినా వారి నుంచి ఒక్క ప్లాను రాలేదు. వచ్చినవన్నీ ప్రశ్నలే. ఏ ఇంట్లో ఎందరున్నారు, మెట్లు ఎక్కలేని పెద్దలెవరు, పదేళ్ళ తరువాత ఆ ఇంట్లో ఎవరుంటారు, మట్టి పరీక్ష చేయించారా అని వరుసగా అడుగుతూ వచ్చారు. "ప్లాను గీయమంటే ప్రశ్నపత్రం ఇచ్చారేమిటి?" అని సభ్యులు విసుక్కున్నారు. మాలో చాలామంది పదవీ విరమణకు చేరువలో ఉన్నవారు. ఒకరిద్దరు అప్పటికే కాలం చేశారు. చివరకు సర్వసభ్య సమావేశం ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవాలనీ, కాంట్రాక్టరు వద్ద సిద్ధంగా ఉన్న ప్లానుతో నేరుగా పని మొదలుపెట్టాలనీ తీర్మానించింది. ఆ మేరకు టైపు చేసిన ఉత్తరమే మా సంచిలో ఉన్నది. తిరిగి రాగానే సంతకాలు చేసి పంపుదామని అనుకున్నాము.

మంచి యజమానుల ఊరు

సికింద్రాబాదు నుంచి రాజకోట వెళ్ళే రైలులో ఒక రాత్రీ, మర్నాడు చాలా భాగమూ గడిపి అహ్మదాబాదులో దిగాము. మా సహోద్యోగి కుమార్తె ఆ నగరంలోనే వాస్తుకళ అభ్యసించి, ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నది. మమ్మల్ని చూడగానే కాళ్ళకు దండం పెట్టి, "బాబాయిగారూ, ఈ ఊళ్ళో ప్రతి మంచి కట్టడం వెనుకా ఒక మంచి యజమాని ఉన్నాడు. ముందు ఆయన్ని పరిచయం చేస్తాను" అన్నది.

ఆమె మాటలోని నిజం ఆ నగర చరిత్రలో కనబడుతుంది. 1950లలో ఇక్కడి మిల్లు యజమానులు ఫ్రాన్సు నుంచి లె కార్బూసియేను పిలిపించి తమ సంఘ భవనాన్నీ, తమ ఇళ్ళనూ కట్టించుకున్నారు. ఆయన వద్ద పారిస్‌లో పనిచేసి, ఆ నిర్మాణాలను చూసుకోవడానికి తిరిగివచ్చిన యువకుడే బాలకృష్ణ దోషి. ఆయన ఇక్కడే స్థిరపడి వాస్తుశిల్ప అనే సంస్థను స్థాపించారు. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 2023 జనవరిలో తన తొంభై అయిదవ ఏట ఈ నగరంలోనే కన్నుమూశారు.

మేము మొదట దర్శించినది సబర్మతి ఆశ్రమం. బాపూజీ నివసించిన హృదయకుంజ్ ముందు కొంతసేపు మౌనంగా కూర్చొని, పక్కనున్న స్మారక సంగ్రహాలయానికి వెళ్ళాము. 1963లో నెహ్రూ ప్రారంభించిన ఈ భవనానికి రూపకల్పన చేసినవారు చార్లెస్ కొరియా. అప్పటికి ఆయనకు ఇంకా నలభై ఏళ్ళు కూడా లేవు. ఇటుక స్తంభాలు, పెంకుల కప్పులు, అద్దాలు లేని చెక్క రెక్కల కిటికీలు, నడుమ చిన్న నీటి కుండం. ఆడంబరమన్నది మచ్చుకైనా లేదు.

"ఇక్కడ భద్రపరచవలసినవి గాంధీగారి ఉత్తరాలు, ఫోటోలు, పుస్తకాలు. అవి కాలక్రమేణా పెరిగేవి. అందుకని ఆరేసి మీటర్ల చదరపు గది ఒకదాన్ని కొలతగా పెట్టుకొని, అవసరమైనప్పుడు మరొకటి చేర్చుకొనేలా కట్టారు. ఎన్ని గదులు కావాలని మాత్రమే అడిగి ఊరుకుంటే ఈ రూపం వచ్చేది కాదు కదా పిన్నిగారూ" అని ఆ అమ్మాయి వివరించింది. మా సంఘానికి వచ్చిన ప్రశ్నలలో "పదేళ్ళ తరువాత ఎవరుంటారు?" అన్నది మాకు అక్కడ గుర్తుకు వచ్చింది. ఎవరమూ పైకి అనలేదు.

ఇటుకల నడుమ పన్నెండేళ్ళు

మర్నాడు ముందుగా అనుమతి తీసుకొని భారతీయ నిర్వహణ శాస్త్ర సంస్థ ప్రాంగణానికి వెళ్ళాము. 1961లో నెలకొన్న ఈ సంస్థ వెనుక విక్రం సారాభాయి, కస్తూర్‌భాయి లాల్‌భాయి వంటి దార్శనికులున్నారు. దోషి సూచన మీద 1962లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి లూయీ కాన్‌ను ఆహ్వానించారు. ఎర్ర ఇటుకతో కట్టిన ఎత్తైన గోడలు, వాటిలో నిండు చంద్రుని వంటి గుండ్రని ద్వారాలు, కమాను కాళ్ళు విచ్చుకోకుండా పట్టి ఉంచే కాంక్రీటు దూలాలు. ఎండ మండే ఊరు కావడం వల్ల గదులు నీడలో వెనక్కు ఒదిగి ఉంటాయి. ముందు భాగాన లోతైన వసారాలు వేడిని అడ్డుకుంటాయి.

కాన్ ఎక్కడో సముద్రాల అవతల ఉండేవారు. అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్ళేవారు. రోజువారీ పని ఇక్కడున్న దోషి, ఆ తరువాత అనంత్ రాజే చూసుకున్నారు. 1974 మార్చిలో కాన్ అహ్మదాబాదు నుంచి స్వదేశానికి తిరిగి వెళ్తూ న్యూయార్కు రైల్వే స్టేషనులో గుండె ఆగి మరణించారు. మిగిలిన పనిని రాజే కొనసాగించారు. గీసినవారు పోయినా గీత నిలిచిందంటే, ప్రతి దశలోనూ ఏమి నిర్ణయమైందో స్పష్టంగా తెలిసిన మనిషి పని జరిగే చోట ఉండబట్టే.

కట్టడం పూర్తికావడంతో కథ ముగియలేదు. తేమ వల్ల ఇటుకలు పెళుసెక్కాయి, లోపలి ఇనుము తుప్పు పట్టింది, 2001 భూకంపం పగుళ్ళు మిగిల్చింది. గ్రంథాలయాన్ని శ్రద్ధగా బాగుచేసిన తీరుకు 2019లో యునెస్కో పురస్కారం లభించింది. 2020 చివర పద్ధెనిమిది వసతిగృహాలలో పద్నాలుగింటిని కూల్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు దేశవిదేశాల నుంచి నిరసన వెల్లువెత్తింది. వారం పది రోజులలోనే దాన్ని ఉపసంహరించుకున్నారు. అయినా కొన్ని భవనాలను తిరిగి కట్టక తప్పదని 2022లో సంస్థ మళ్ళీ ప్రకటించింది. ఎంతటి మహాశిల్పి కట్టినా, కాపాడుకొనే భారం యజమానిదేనని ఆ గోడల ముందు నిలబడి గ్రహించాము.

ఏడు మెట్లు

ఆ సాయంత్రం ఆ అమ్మాయి మమ్మల్ని తన కార్యాలయానికి తీసుకువెళ్ళింది. గోడ నిండా పటాలు, బల్లల మీద అట్టతో చేసిన ఇళ్ళ నమూనాలు. టీ తాగుతూ సంచిలోని ఉత్తరం సంగతి ఆమెకు చెప్పేశాము. ఆమె నవ్వలేదు. కాగితం తీసుకొని ఏడు గీతలు గీసింది.

1972 నాటి వాస్తుశిల్పుల చట్టం కింద ఏర్పడిన మండలి ఈ వృత్తికి నిబంధనలు రూపొందించింది. వాటి ప్రకారం పని ఏడు దశలలో సాగుతుంది. మొదటిది భావన. స్థలాన్ని, గాలిని, ఎండను చూసి, యజమాని అవసరాలను సేకరించి, స్థూలమైన రూపమూ ఉజ్జాయింపు ఖర్చూ చెప్పడం. రెండవది ఆ భావనను యజమాని సూచనలతో సవరించి తొలి పటాలుగా మార్చడం. మూడవది పురపాలక అనుమతులకు కావలసిన పటాలు. నాలుగవది మేస్త్రీ చేతికి అందే వివరమైన పటాలు, సామగ్రి నాణ్యత, పరిమాణాల పట్టిక, టెండరు పత్రాలు. అయిదవది టెండర్లు పరిశీలించి కాంట్రాక్టరును ఎంచుకోవడంలో సలహా. ఆరవది నిర్మాణం. ఏడవది పూర్తి అయినదన్న ధ్రువపత్రాలు, కట్టినది కట్టినట్లు చూపే పటాలు అప్పగించడం. రుసుము కూడా ఈ దశలను బట్టి వాయిదాలలో చెల్లిస్తారు.

"మొదటి మెట్టు మీద గోడ జరపాలంటే రబ్బరు చాలు. నాలుగో మెట్టు మీదైతే లెక్కలన్నీ మళ్ళీ వేయాలి. ఆరో మెట్టు మీదైతే సమ్మెట కావాలి" అన్నది ఆమె. మాకు చురుక్కుమన్నది. కొన్నేళ్ళ క్రితం మేము కట్టుకున్న సమావేశ మందిరం కళ్ళముందు కదిలింది. వాస్తుశిల్పికి ఇచ్చే రుసుము మిగులుతుందని నేరుగా కాంట్రాక్టరుకే అప్పగించాము. స్లాబుకు నీరు జారే వాలు పెట్టించాలని ఎవరికీ తోచలేదు. తొలి వర్షానికే కారింది. స్లాబు వేశాక వాస్తు పండితులను పిలిచి, ఆయన మాట మీద మెట్లు పడగొట్టి మరోచోట కట్టించాము. మిగిల్చిన రుసుముకు మించి ఖర్చయింది.

"పండితుడిగారిని పిలవాలంటే మొదటి మెట్టు మీదే పిలవండి. ఆయన మాటా పటంలోకి ఎక్కుతుంది" అని, "ఆ మందిరం కట్టేటప్పుడు రోజూ దగ్గరుండి చూసినదెవరు బాబాయిగారూ?" అని అడిగింది. మేము ముఖముఖాలు చూసుకున్నాము. వాస్తుశిల్పి వంతు అప్పుడప్పుడు వచ్చి పని పటం ప్రకారం జరుగుతున్నదో లేదో చూసి, సందేహాలు తీర్చడం. సిమెంటు ఎంత కలిపారు, ఎన్నాళ్ళు నీరు పట్టారు అని రోజూ చూసే సైటు ఇంజనీరును నియమించుకోవలసినది యజమానే. మేము ఎవరినీ పెట్టలేదు. ఆ తేడా ఉన్నదని కూడా అంతవరకూ మాకు తెలియదు.

వడియాలు ఎండబెట్టే చోటు

మూడవ రోజు చూసిన బీమానగర్ మా గృహిణుల మనసు దోచుకున్నది. ప్రభుత్వరంగంలోని జీవిత బీమా సంస్థ కోసం 1973లో దోషి రూపొందించిన కాలనీ అది. ఇక్కడ పెద్ద ఇల్లు కింద, దానికన్నా చిన్నది మధ్య అంతస్తులో, అన్నిటికన్నా చిన్నది పైన ఉంటాయి. కింది వారికి పెరడు దక్కింది, పైవారికి డాబా దక్కింది. మెట్లు మెట్లుగా వెనక్కు తగ్గిన ఆ డాబాల మీద కాలక్రమాన ఎవరి అవసరం కొద్దీ వారు గది వేసుకున్నారు, పందిరి వేసుకున్నారు, మొక్కలు పెంచుకున్నారు. ఏ రెండు ఇళ్ళూ నేడు ఒక్కలా లేవు. "మన ప్లానులో వడియాలు ఎండబెట్టుకొనే చోటు ఎక్కడుంది?" అని మా గృహిణులలో ఒకరు అడిగారు. కాంట్రాక్టరు చూపిన సిద్ధమైన ప్లానులో అది లేదు. అడిగినవారు ఉంటేగా!

అక్కడి నుంచి దోషి తన కార్యాలయంగా 1980 ప్రాంతంలో కట్టుకున్న సంగాత్‌కు వెళ్ళాము. సంగాత్ అంటే కలిసి నడవడం. సగం నేలలోకి దిగిన గదులు, వాటి మీద పీపాను నిలువునా కోసి బోర్లించినట్లు వంపు కప్పులు, ఆ కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పింగాణీ ముక్కలు. వాన నీరు కప్పుల మీది నుంచి కాలువల్లో జారి తోటలోకి చేరుతుంది. మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. టౌన్‌షిప్పుకు 1960ల చివర రూపకల్పన చేసినది కూడా దోషి సంస్థే అని అక్కడ తెలిసి, ఎన్నోసార్లు దాని పక్కగా బస్సులో పోయిన మాకు ఆశ్చర్యం వేసింది.

ఉత్తరం ఏమైంది?

తిరుగు ప్రయాణంలో, సూరత్ దాటాక, సంచిలోని ఉత్తరాన్ని తీసి మరొకసారి చదువుకున్నాము. సంతకాలు చేయలేదు. ఇంటికి చేరాక సమావేశం పిలిచి చూసినది చూసినట్లు చెప్పాము. వాదోపవాదాలు జరిగాయి. "నా ఆయుష్షులో గృహప్రవేశం చేయిస్తారా?" అని ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు మా వద్ద సూటి సమాధానం లేకపోయింది. స్వల్ప ఆధిక్యంతోనే సభ్యులు పాత తీర్మానాన్ని పక్కన పెట్టారు. మట్టి పరీక్ష చేయించాము. ప్రశ్నపత్రాలు ఇంటింటికీ తీసుకువెళ్ళి, భార్యాభర్తలిద్దరితోనూ నింపించాము.

వాటిలో ఒకటి మరువలేనిది. సంఘంలో చేరిన మొదటి పదిమందిలో ఒకరు స్థలం చేతికి రాకముందే గతించారు. ఆయన భార్య తన కాగితంలో ఇలా రాశారు: "నాకు ఒక గది, వంటిల్లు చాలు. మిగిలిన భాగం అద్దెకిచ్చుకొని బ్రతకాలి. కనుక దానికి వేరే గుమ్మం కావాలి." సిద్ధమైన ప్లానులో ప్రతి ఇంటికీ ఒకే గుమ్మం ఉన్నది. ఆ ఉత్తరం పంపి ఉంటే ఆమె ప్రతి అద్దెదారునీ తన పడకగది ముందు నుంచే నడిపించవలసి వచ్చేది.

ఇప్పుడు మా పని రెండవ మెట్టు మీద ఉన్నది. తొలి పటాలు వచ్చాయి. వాటిలో ఆమె ఇంటికి రెండు గుమ్మాలున్నాయి. ఇల్లు కట్టుకోదలచిన సహోద్యోగులకు మా విన్నపం ఒక్కటే. వాస్తుశిల్పి ప్రశ్నలడిగితే కాలయాపన అనుకోకండి. ఇంటిల్లిపాదీ కూర్చొని జవాబులు రాయండి. రోజూ దగ్గరుండి పని చూసే మనిషిని మీరే పెట్టుకోండి. వీలు చిక్కితే ఒకసారి అహ్మదాబాదు వెళ్ళి రండి. బాంధనీ చీరలు కూడా బాగుంటాయి.