అంతర్వాహిని

పోతన జన్మస్థలంగా పూజలందుకునే జనగామ జిల్లా బమ్మెర సమీపాన పెరిగిన ఒక తల్లి, భర్తతోను, ఇద్దరు పసిబిడ్డలతోను డల్లాస్‌లో స్థిరపడింది. రాత్రివేళ గజేంద్రమోక్షం వినిపిస్తే ఐదేళ్ల కుమారుడు ఆంగ్లంలోనే ప్రశ్నించేవాడు. తన బోధ వ్యర్థమేనేమోనని ఆమె మనస్సు క్షోభించేది.

సెలవులలో స్వదేశానికి వచ్చి, మహబూబాబాద్ జిల్లా కురవి వీరభద్రుని దర్శించి, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం చేరారు. అక్కడ ఒకే పానవట్టంపై యమ, శివ లింగద్వయం. ముక్తేశ్వర లింగరంధ్రాలలో పోసిన అభిషేకజలం అంతర్మార్గాన గోదావరీ ప్రాణహితా సంగమాన్ని చేరుతుందని భక్తుల విశ్వాసం.

నీరెక్కడికి పోయిందని బాలుడు ఆంగ్లంలోనే అడిగాడు. ఈసారి ఆమె నొచ్చుకోలేదు, తెలుగులో బదులిచ్చింది. పోయడం మానవకర్తవ్యం, చేర్చడం ఈశ్వరాధీనం. డల్లాస్‌లో ఆ రాత్రికథ నేటికీ ఆగలేదు.