లేకాక్‌లో ఆ కిటికీ

ఇవాళ ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్‌లోని లేకాక్ ఆబీ అనే పాత భవనంలో ఒక కిటికీ ముందు నిలబడి కదల్లేకపోయాను.

కింద హ్యారీ పాటర్ సినిమా తీసిన వరండాల్లో పిల్లలు పరుగులు పెడుతున్నారు. జనమంతా అక్కడే.
పైన ఈ కిటికీ దగ్గర ఎవరూ ఆగడం లేదు.

సీసపు పట్టీల మధ్య బిగించిన చిన్న చిన్న గాజు పలకలు, అంతే.
1835 ఆగస్టులో ఈ ఇంటాయన ఫాక్స్ టాల్బట్ దీన్నే ఫొటో తీశాడు. తపాలా బిళ్ళంత నెగెటివ్! ప్రపంచంలో ఇప్పటికీ మిగిలిన కెమెరా నెగెటివ్‌లలో అదే పాతది. భూతద్దంతో చూస్తే సుమారు 200 పలకలు లెక్కపెట్టొచ్చని ఆయనే పక్కన రాసుకున్నాడు.

మా అమ్మమ్మ పెళ్ళి ఫొటో గుర్తొచ్చింది. ఒక్క నెగెటివ్ నుంచి కడిగించిన కాపీలు మా బంధువులందరి ఇళ్ళలో ఉన్నాయి. ఆ దారి మొదలైంది ఇక్కడే కదా అనిపించి గొంతు పట్టేసింది.

ఊరు కూడా ఎంత బాగుందో! 1944లో ఆ కుటుంబానికే చెందిన మటిల్డా టాల్బట్ ఆబీతో పాటు ఊళ్ళో ఇళ్ళు కూడా నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థకి ఇచ్చేశారు. వాటిలో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు.

విల్ట్‌షైర్ వైపు వెళ్తే ఆ కిటికీ దగ్గర కాసేపు ఆగండి.
మీ ఇంట్లో అన్నిటికన్నా పాత ఫొటో ఎవరిది? కింద పెట్టండి, చూడాలని ఉంది.