పులుపును మింగే బండ

మా ఇంటి వంటగట్టు కడప బండ. చిన్నప్పుడొకసారి దానిపై నిమ్మరసం ఒలికించి, తుడవకుండా ఆటకు పోయాను. సాయంత్రానికి ఆ నల్లని నునుపు మీద తెల్లని మచ్చ పడింది. "రాయిని కూడా తినేసింది చూడు పులుపు!" అని అమ్మ కసిరింది. రాయి కూడా పులుపును తిన్నదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ బండ సున్నపురాయి. ఆమ్లం తగిలితే తాను కొంత కరిగి దాన్ని విరిచేస్తుంది. గనులు తవ్విన చోట ఇనుము, గంధకం కలిసిన పైరైటు బయటపడి, గాలీ నీరూ తగిలి గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. ఆ నీరు రాళ్లలోని లోహాలను కరిగించుకొని వాగుల్లో కలుస్తుంది. మేఘాలయలో జైంతియా కొండల బొగ్గు గనుల కింది వాగులు అలా చెడినవే.

దీనికి యంత్రాలూ కరెంటూ అక్కరలేని వైద్యమొకటి ఉంది. కందకంలో సున్నపురాయి ముక్కలు నింపి, గాలి సోకకుండా పూడ్చి, ఆ నీటిని వాటిగుండా పారిస్తారు. గాలి సోకితే ఇనుము తుప్పుగా మారి రాయికి పొర కడుతుంది, ఇక రాయి పనిచేయదు. తర్వాత నీటిని మడుగులో నిలిపి తుప్పును అడుగుకు దిగనిస్తారు. పశువుల ఎరువు పరచి జమ్ము పెంచిన మడుగుల్లోనైతే, సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడుగా మార్చి మిగిలిన లోహాలను బురదలో బంధిస్తాయి.

ఇది చదివి గర్వపడ్డాను. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో మన కాళ్ల కింద ఎంత మందు ఉంది!

ఆ గర్వం తుమ్మలపల్లె దగ్గర ఆగిపోయింది. పులివెందుల సమీపంలోని ఆ యురేనియం ఉన్నది డోలమైటు రాతిలో. ఆమ్లం పోస్తే రాయే తాగేస్తుంది. అందుకే 2012లో ప్రారంభమైన అక్కడి కర్మాగారం ఆమ్లానికి బదులు సోడియం కార్బొనేటు వంటి క్షారాలు వాడే పద్ధతిలో కట్టినది. వ్యర్థాల చెరువు దాపున ఉన్న కనంపల్లె, కె.కె. కొట్టాల రైతులు తమ బోరునీరు చెడిందనీ, అరటితోటలు దెబ్బతిన్నాయనీ మొరపెట్టుకున్నారు. కారణం మేం కాదన్నది సంస్థ.

తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కానీ మన బండ మందు అక్కడ పనిచేయదు. కార్బొనేటుతో జతకట్టిన యురేనియం పులుపు లేని నీటిలోనూ కరిగే ఉంటుంది. ఆ నీటికి తుప్పురంగు ఉండదు, పుల్లని రుచీ ఉండదు. కనుక నీరు పుల్లనా కాదా అని చూసి ఊరుకుంటే చాలదు. ఆ లోహాన్నే వెతికి, ప్రతి బోరులో కొలిచి, ఆ అంకెను ఆ బోరు తవ్వించిన రైతు చేతికే ఇవ్వాలి.

మా వంటగట్టు మీది మచ్చ ఇంకా ఉంది. పులుపు కనీసం తన జాడ చెప్పి పోయింది.